రొట్టె మీద గీతలు

"ఆ పిల్ల తనంతట తానే వెనక గదిలోకి వెళ్లిందా, అయ్యగారు పిలిస్తే వెళ్లిందా? చూసింది చూసినట్టు చెప్పమ్మా," అన్నాడు సంఘం కార్యదర్శి నరసరాజు.

లీలాకుమారి కొంగు తలమీదికి లాక్కుంది. బుధవారం సాయంత్రపు ప్రార్థన అయిపోయి జనం ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మందిరంలో కమిటీ పెద్దలు మాత్రం మిగిలారు. వాళ్లలో ఆమె భర్త హెన్రీ కూడా ఉన్నాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, ఎంతమంది ఉన్నా తొణకనివాడు, ఆ సాయంత్రం మాత్రం కళ్లజోడు తుడవడమే పనిగా పెట్టుకున్నాడు. తలుపు దగ్గర భానుప్రియ నిలబడి ఉంది. అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమని ఎవరూ అనలేదు.

"తానే పోయింది సార్. పాట పాడుకుంట పోయింది," అంది లీలాకుమారి.

"పాడుకుంటానే ఎల్లేను ఆంటీ," అంది భానుప్రియ. "బయటికి ఎలాగొచ్చేనో అది కూడా చెప్పండి. మీరు ట్యాంకు కాడే ఉన్నారు కదా. అందుకే కదా మిమ్మల్ని అడగమన్నాను."

లీలాకుమారి నోరు తెరిచింది. ఈలోగా పాస్టర్ డేవిడ్ రాజు చెయ్యెత్తాడు, దీవెన ఇచ్చేటప్పుడు ఎత్తుతాడే, అంత మెల్లగా. "చాలు బిడ్డా. పెద్దామెను ఇబ్బంది పెట్టకు. నేను తలమీద చేతులుంచి ప్రార్థన చేశాను. విశ్వాసంలోకి కొత్తగా వచ్చావు, నీకు మన పద్ధతి తెలియదు, వేరేగా అనుకున్నావు. నేనైతే నిన్ను ఎప్పుడో క్షమించేశాను."

అయ్యగారు క్షమించాక ఇంకెవరు మాట్లాడతారు! తీర్మానం అయిపోయింది. వచ్చే ఆదివారం బల్ల ఆదివారం, నెలకొకసారి అందరూ ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. ఆ రోజు భానుప్రియ సంఘమంతటి ముందు నిలబడి, దైవజనుడి మీద అబద్ధం ఆడాను, క్షమించండి అనాలి. అనకపోతే బల్లకు దూరం, సంఘానికీ దూరం.

"రొట్టె పని మళ్లీ లీలమ్మ చేతికే ఇద్దాం," అన్నాడు నరసరాజు లేస్తూ.

ఆ మాట వినగానే, దాచడం ఎందుకు, లీలాకుమారికి కడుపు నిండినట్టయింది.

ఆ రొట్టె సంగతి కొంచెం చెప్పాలి. పులవని పిండితో చేస్తారు. ఉప్పు ఉండదు, సోడా ఉండదు. మైదా గోరువెచ్చని నీళ్లతో తడిపి, బట్ట కప్పి పక్కన పెట్టి, పల్చగా ఒత్తి, చాకు మొనతో నిలువుగా అడ్డంగా గీతలు పెట్టి, సన్నని సెగ మీద కాలుస్తారు. విరిచేటప్పుడు ఆ గీతల వెంట ముక్కలు ఊడి రావాలి. గీత లోతైతే పెనం మీదే చిరిగిపోతుంది, పైపైన పెడితే పాస్టర్ వేళ్లలో వంకరగా విరుగుతుంది. లీలాకుమారి పెళ్లయి మల్కాజ్‌గిరి వచ్చాక, అత్తగారి తర్వాత ఆ పని ఆమెదే. శనివారం స్నానం చేసి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడకుండా, తన వంటింట్లో తనే చేసేది.

వానాకాలంలో అయ్యగారు మార్చేశారు. "ఇకనుంచి రొట్టె మందిరం వెనక గదిలోనే చేయిద్దాం, పరిశుద్ధంగా ఉంటుంది. భానుప్రియ చేస్తుంది," అన్నారు. "నేనే వచ్చి చేస్త అయ్యగారూ," అంటే, "మీకు మోకాళ్ల నొప్పులు తల్లీ, ఎందుకు శ్రమ?" అన్నారు. మొదటి నెల ఆ పిల్ల చేసిన రొట్టెను బల్ల మీదినుంచి పైకెత్తి, కిటికీ వెలుగులో పట్టి, "చూడండి, ఎంత పల్చగా ఉందో!" అని మురిసిపోయారు. అందరూ చూశారు. లీలాకుమారి కూడా చూసింది. గీతలు నిజంగానే తిన్నగా ఉన్నాయి. అదే ఆమె గుండెలో ముల్లులా దిగింది.

ఆ పిల్ల చూస్తే నిన్నగాక మొన్న బాప్తిస్మం తీసుకుంది. బట్టల షోరూములో పని. వాళ్లది శ్రీకాకుళం వైపు, ఇంట్లో అందరూ దేవుళ్ల పటాలకు దండం పెట్టేవాళ్లే. పాడితే మాత్రం మందిరంలో పిల్లలు కూడా అల్లరి మానేసేవారు. గొంతూ దానిదే, రొట్టే దానిదే, అయ్యగారి మెప్పూ దానిదే. మరి మనకేం మిగిలింది?

ఆ కుళ్లుతోనే పోయిన నెల బల్లకు ముందటి శనివారం మధ్యాహ్నం, పూలకుండీలు కడిగే వంక పెట్టుకుని మందిరం వెనక నీళ్ల ట్యాంకు దగ్గర కూర్చుంది. పిల్ల గీతలు ఎలా పెడుతుందో కిటికీలోంచి చూద్దామని. భానుప్రియ పాడుకుంటూ రావడం చూసింది. కాసేపటికి అయ్యగారు లోపలికి వెళ్లడం చూసింది. తలుపు మూసుకోవడం చూసింది. తర్వాత ఆ పిల్ల బయటికొచ్చింది. తలమీద చున్నీ లేదు, చేతులకు పిండి, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటిపోయింది. వెనకాలే అయ్యగారు కుళాయి దగ్గర నిలబడి నల్ల చొక్కా మీది పిండి తుడుచుకున్నారు.

లీలాకుమారి అప్పుడేమనుకుంది? 'అబ్బో, కలిసి పిండి సుత పిసుకుతున్నరు' అనుకుంది. అంతవరకే అనుకుంది. ఆపైన అనుకోవడానికి ఆమెకు మనసు రాలేదు.

*

గురువారం పొద్దున్నే విజయమ్మ వచ్చింది. స్త్రీల సమాజంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. విజయమ్మకు తెలియని కబురు ఆ వీధిలో ఉండదు.

"ఏం లీలా, నీ రొట్టె నీకొచ్చెనట! జెర పల్చగ చెయ్యి ఈసారి. పోయినేడు నీ రొట్టె నమలనీకే ఆరాధన అయిపోయేది."

"నీ పండ్లు కట్టించుకున్నయ్ గదా, అందుకే నమలరాలే."

"నా పండ్ల సంగతి నీకెందుకు గానీ, ఆ పిల్ల ఆదివారం అందరి ముంగట నిలబడి ఏడుస్తదట గదా. మంచిగైంది. వచ్చి నాలుగు దినాలు కాలే, మైకు పట్టుకుంటదా? మన కోడండ్లు పాడరా, మన బిడ్డలు పాడరా?"

"గదే నేననేది," అంది లీలాకుమారి, టీ గ్లాసు అందిస్తూ. ఇద్దరూ హాయిగా నవ్వుకున్నారు. నవ్వు అయ్యాక ఎందుకో టీ చప్పగా అనిపించి, ఇంకో చెంచా చక్కెర వేసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ముతక నూలుచీర కట్టుకున్న ఆడమనిషి, నుదుట పెద్ద బొట్టు, చేతిలో కూరగాయల సంచి.

"లీలాకుమారమ్మంటే మీరేనా? నాను దేముడమ్మనండి. భాను మా గుంటే, నా కూతురే."

లీలాకుమారి కుర్చీ జరిపింది. "రా అమ్మ, కూసో," అంది.

దేముడమ్మ కుర్చీలో కూర్చోలేదు. గడప పక్కన గోడకానుకుని కూర్చుంది. "ఆదివారం నిలబడి నాను అబద్దమాడీసేను అని సెప్పాలంట కదమ్మా. దానికి బువ్వ దిగట్లేదు. షోరూముకీ ఎల్లట్లేదు. మాయాన నూకయ్య ఏటంటాడంటే, మానీ, ఆ మందిరం మానీ, మనకేటి అక్కడ అంటాడు. అది మానదు. ‘నేను మానేస్తే నేనే తప్పు చేసినట్టు కదే అమ్మా’ అంటాది."

లీలాకుమారి నీళ్లు తెచ్చిచ్చింది. దేముడమ్మ తాగలేదు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"మా దేముళ్లు ఏరు, మీ దేముడు ఏరు. అది మీ కాడికొస్తానంటే నానొద్దన్నేదు. ఎందుకన్నేదో తెల్సా? మీరంతా తెల్లబట్టలు కట్టుకుని, తలమీద కొంగేసుకుని, మెల్లగా మాట్టాడతారు. మంచోలు కదా అనుకున్నాను." ఆమె తల పైకెత్తింది. "మీరు సూసేరంట. అది అలగే సెప్తంది, ఆంటీ సూసింది, ఆంటీకి తెల్సు అని. ఏటి సూసేరు తల్లీ? దానిదే తప్పయితే సెప్పీయండి. నాను దాన్ని కొట్టీసైనా నిలబెడతాను. తప్పు నేకపోతే..."

ఆ మాట అక్కడే ఆపేసింది. వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. లీలాకుమారి ఆ వంకతో లేచి లోపలికి వెళ్లి, అవసరం లేకపోయినా పప్పు గిన్నె కడిగి, మళ్లీ కడిగి వచ్చింది. వచ్చేసరికి గడప దగ్గర గ్లాసు నిండుగానే ఉంది. దేముడమ్మ గేటు దాటిపోతోంది. నడుస్తూనే కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

*

శనివారం లీలాకుమారి స్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకుని, పీట వేసుకుని కూర్చుంది. ఇత్తడి పళ్లెంలో మైదా పోసి, మధ్యలో గుంట చేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోసింది. ఇన్నాళ్లకు తన పళ్లెం, తన చాకు, తన పెనం. పాట రావాలి ఇలాంటప్పుడు. రాలేదు. ఆ పిల్ల పాడే పాటే నాలుక చివరకు వచ్చి, మింగేసింది.

హెన్రీ కళ్లజోడు కోసం వంటింట్లోకి వచ్చాడు. దాన్ని ఎప్పుడూ ఉప్పుడబ్బా పక్కన మరిచిపోతాడు. ఆమె పక్కనుంచి చెయ్యి చాచబోయి, మీదికి ఒరిగాడు. శనివారం రొట్టె పిండి మీద ఎవరి నీడ పడినా ఆమెకు గిట్టదు.

"ఇగో, జరుగు జరుగు! మీద పడతవా ఏంది?" అని రెండు చేతులతో ఛాతీ మీద నెట్టింది.

హెన్రీ వెనక్కి తగ్గాడు. "ఏందే, ముసలోన్ని గిట్ల నూకుతవ్?" అని నవ్వాడు.

లీలాకుమారి నవ్వలేదు. ఆయన చొక్కా వైపే చూస్తోంది. రైల్వేనాటి నీలం చొక్కా. దాని మీద రెండు అరచేతులు, తెల్లగా, పదివేళ్లూ విచ్చుకుని, పైకి చూస్తూ.

అచ్చం అలాగే. నల్ల చొక్కా మీద ఆ రోజు ఉన్నదీ అదే. పిండి చిందిందని అనుకుంది ఆమె. చిందిన పిండికి వేళ్లు ఉంటాయా?

"ఏమైందే? షుగర్ గిట్ల పడిపోయిందా?"

"కూసో," అంది. ఆయన కూర్చున్నాడు. ఆమె చేతులు కడుక్కోకుండానే చెప్పింది. ట్యాంకు దగ్గర ఎందుకు కూర్చుందో చెప్పింది. తలుపు సంగతి, చున్నీ సంగతి, కుళాయి సంగతి. "చేతులుంచి ప్రార్థన చేసిన అన్నడు గదా. ప్రార్థనకు నిలబడ్డ పిల్ల తల మీద ముసుగు లేకుండ ఉంటదా? ఎంత పెంకిపోరి అయినా వేసుకుంటదే! అయ్యగారు దాని తల మీద చెయ్యి పెడితే, దాని చేతులు ఆయన రొమ్ము మీద ఎందుకున్నయ్? నన్ను చూడు, ఇప్పుడు నిన్ను నూకిన గదా. అది సుత నూకింది."

హెన్రీ చొక్కా వంక చూసుకున్నాడు. వీధి అవతల సికింద్రాబాద్ వెళ్లే లోకల్ రైలు కూత వినిపించింది.

"బుధవారం నాడు ఎందుకు చెప్పలే?"

"అడగలే."

"అవును," అన్నాడాయన. "అడిగితే వినాల్సొస్తదని అడగలే. నేను సుత అడగలే."

"రొట్టె నా దగ్గర్నుంచి ఎందుకు తీసుకున్నడో తెలుసా? దాని చెయ్యి మంచిదని కాదు. నేను ఇంట్ల చేస్తే, ఆ పిల్ల శనివారం ఆడికి ఒక్కతే పోయే పనే లేకుండె." పళ్లెం దూరంగా నెట్టింది. "నేనేమో దానికి దొరికింది నాకు దొరకలేదని ఏడ్చిన. ఏం దొరికిందని ఏడ్చిన?"

"ఇప్పుడు లేవదీస్తే సంఘం రెండు ముక్కలైతది లీలా. నరసరాజు ఊరుకోడు. మనల్ని వెలేస్తరు."

ఆమె పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కుంది. పిండి ఆరిపోతోంది. ముద్ద చేసి, ఒత్తి, చాకు తీసుకుంది. జీవితంలో మొదటిసారి గీతలు వంకర పోయాయి.

*

ఆదివారం భానుప్రియను చివరి బెంచీ మీద ఒంటరిగా కూర్చోబెట్టారు. ముందు వరసలో పెద్దలు, వాళ్ల పక్కన హెన్రీ. బల్ల మీద తెల్లగుడ్డ కింద లీలాకుమారి చేసిన రొట్టె. దేముడమ్మ లోపలికి రాలేదు. గేటు దగ్గర నిలబడి చూస్తోంది.

బల్లకు ముందు ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే, రొట్టె ముట్టే ముందు లేచి వెళ్లి వాళ్లతో సమాధానపడాలి, అంటే మనసు కలుపుకోవాలి. పాస్టర్ చెప్తాడు, కీబోర్డు మెల్లగా మోగుతుంది, జనం లేచి చేతులు పట్టుకుంటారు. నిజంగా కొట్లాడినవాళ్ల దగ్గరికి ఎవరూ పోరు లెండి. పక్కనున్నవాళ్ల చెయ్యి పట్టుకుని, దేవుడు చూశాడులే అని కూర్చుంటారు.

"ముందుగా ఒక బిడ్డ మన మధ్య నిలబడి ఒప్పుకోలు చేస్తుంది," అన్నాడు డేవిడ్ రాజు. తెల్లటి అంగీలో మెరిసిపోతున్నాడు. "ఆ తర్వాత మనమందరం సమాధానపడదాం."

భానుప్రియ లేచింది. ముందు వరసలవాళ్లంతా వెనక్కి తిరిగి చూస్తున్నారు.

అప్పుడు లీలాకుమారి లేచింది. సమాధానపడటానికి తొందరపడి ముందే లేచిందనుకున్నారు. విజయమ్మ చెయ్యి చాచింది, తన దగ్గరికే వస్తోందనుకుని. లీలాకుమారి ఆ చెయ్యి దాటి, మోకాళ్లు పట్టుకుంటూ, నడవ వెంట చివరి బెంచీ దాకా వెళ్లింది.

"నువ్వు ఏం చెప్పకు బిడ్డా," అంది. "నేను చెప్పాల్సింది ఉంది. నువ్వు బయటికెట్ల వచ్చినవో అడిగినవ్ గదా."

చెప్పింది. గొంతు పెద్దది కాదు గానీ, అందరూ ఊపిరి బిగబట్టినప్పుడు చిన్న గొంతే చాలు. తలుపు మూసిన సంగతి. ముసుగు లేకుండా, చెప్పులు లేకుండా పరిగెత్తిన సంగతి. నల్ల చొక్కా మీద రెండు అరచేతుల సంగతి.

"పాట అందుకుందాం," అన్నాడు డేవిడ్ రాజు మైకులో. "శోధన సమయంలో పాటే మనకు బలం. అందరూ లేవండి." కీబోర్డు పెద్దగా మోగింది.

"కూసో లీలా! నీకేమన్నా పిచ్చి లేసిందా?" విజయమ్మ కేకేసింది.

"బుధవారం కమిటీలో ఎందుకు చెప్పలేదమ్మా ఈ మాట?" నరసరాజు లేచి నిలబడ్డాడు. "ఎవరు నేర్పించారు?"

"ఎవరూ నేర్పలే. కుళ్లుతోని చెప్పలే సార్," అంది లీలాకుమారి. "దీని పాట మీద కుళ్లు, దీని రొట్టె మీద కుళ్లు. నిలబడి ఏడిస్తే చూద్దామనుకున్న. ఇంకేమన్న అడుగుతరా?"

నరసరాజు కూర్చున్నాడు.

హెన్రీ లేచాడు. ముందుగా కీబోర్డు దగ్గరికి వెళ్లి స్విచ్చి తీసేశాడు. తర్వాత బల్ల దగ్గరికి వచ్చాడు. ప్రతి బల్ల ఆదివారమూ రొట్టె పళ్లెం వరసలకు తీసుకెళ్లేది ఆయనే కాబట్టి, డేవిడ్ రాజు అలవాటుకొద్దీ తెల్లగుడ్డ తీసి పళ్లెం ఆయనకు అందించబోయాడు. హెన్రీ చేతులు చాచలేదు.

"ఈ రోజు బల్ల లేదు అయ్యగారూ," అన్నాడు. "మీరు కిందికి రండి. కమిటీ మళ్లా కూసుంటది. ఈసారి అన్నీ అడుగుతం."

డేవిడ్ రాజు పళ్లెం పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. సంఘం వైపు చూశాడు. ఒకరిద్దరు తల దించుకున్నారు. కోరస్‌లో పాడే అమ్మాయి ఒకతి, ఎవరూ అనుకోలేదు, లేచి వెళ్లి చివరి బెంచీలో కూర్చుంది. ఆమె వెనకాల ఇంకొకతి. ఆ రెండో పిల్ల మొహం కొంగులో దాచుకుని ఏడుస్తోంది. దాన్ని చూశాక డేవిడ్ రాజు పళ్లెం బల్ల మీద పెట్టి, మెట్లు దిగాడు.

*

పెద్దలు లోపల గదిలో కూర్చున్నారు. గొంతులు పెరుగుతున్నాయి. జనం కొందరు తిట్టుకుంటూ, కొందరు మౌనంగా వెళ్లిపోయారు. విజయమ్మ లీలాకుమారిని దాటిపోతూ మొహం తిప్పుకుంది.

లీలాకుమారి రొట్టెను తెల్లగుడ్డలో చుట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. తల్లీకూతుళ్లు మెట్టు మీద కూర్చున్నారు. ఆమె కూడా మోకాళ్లు పట్టుకుని, మెల్లగా పక్కన కూర్చుంది.

"రేపు పోలీస్ స్టేషన్‌కు పోదాం," అంది. "అక్కడ సుత గిదే చెప్తా. లోపలోళ్లు ఏం తేల్చినా తేల్చకున్నా."

దేముడమ్మ మొన్న తాగని మంచినీళ్లలాగే ఈ మాటనూ చేతిలో పట్టుకుని కూర్చున్నట్టుంది. ఆఖరికి, "ఎల్దాం," అంది.

"నా మీద కోపమొస్తలేదా బిడ్డా?"

"వస్తంది," అంది భానుప్రియ. "చాలా వస్తంది ఆంటీ."

"రానీ."

గుడ్డ విప్పింది. "ప్రార్థన కాలే. ఉత్త రొట్టే ఇది. పొద్దట్నుంచి ఏం తినలే గదా, తిను. ఉప్పుండదు."

భానుప్రియ రొట్టె తీసుకుని విరవబోయింది. గీత వెంట రాలేదు, పక్కకు చీలింది. ఆ పిల్ల దాన్ని తిప్పి చూసి, అప్రయత్నంగా అంది. "గీతలు వంకరొచ్చేయి ఆంటీ. పిండి ఆరిపోయాక పెట్టినట్టున్నారు. నేనైతే తడి బట్ట తియ్యకుండా, ఒక్కో పక్కే తెరిచి పెడతాను."

లీలాకుమారికి మళ్లీ మండింది. పాత మంటే. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, తనకు చెప్తుందా!

"నాకు చెప్పొచ్చినవ్," అంది గట్టిగానే. తర్వాత, తడి బట్టను ఎటునుంచి తెరవాలో అడిగింది.